అంగ్‌కోర్ వాట్: పౌర్ణమి రోజు మూసిన మెట్లు

వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ మోకాళ్లకి రాత్రిపూట ఇంకా కాపడం పెడుతూనే ఉన్నాను. వివరాలు మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. వెళ్లేముందు అంగ్‌కోర్ వాట్ గురించి ఎంతో చదివాను, ఎన్నో వీడియోలు చూశాను. కానీ నాకు అన్నిటికన్నా అవసరమైన ముక్క వాటిలో నా కంట పడలేదు. గుడి పైఅంతస్తుకి వెళ్లే మెట్లు నెలలో నాలుగు రోజులు మూసేస్తారన్న సంగతి అక్కడికి వెళ్లాకే, ఆ మెట్ల కిందే తెలిసింది.

అమ్మకి 66 ఏళ్లు. రెండు మోకాళ్లూ నొప్పే. విష్ణువు కోసం కట్టిన అంత పెద్ద గుడి మన దేశంలో కాక ఎక్కడో కంబోడియాలో ఉందని విన్నప్పటి నుంచి చూడాలని ఆవిడ కోరిక. "చూడటమంటే కింద నిలబడి చూసి రావడం కాదే, గర్భగుడి దాకా వెళ్లాలి" అని ముందే చెప్పింది. 2025 జనవరి 11 నుంచి 16 వరకు టికెట్లు తీసుకున్నాను.

ముందు వీసా. ఈ-వీసా కోసం డిసెంబర్ చివర్లో వెతికితే మొదట వచ్చిన సైటు అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉంది. వివరాలన్నీ నింపి, ఫొటోలు ఎక్కించి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి మనిషికి 90 డాలర్ల పైన చూపించింది. గుండె ఝల్లుమంది, అక్కడితో ఆపేశాను. అసలు సైటు చిరునామా చివర జీఓవీ డాట్ కేహెచ్ అని ఉంటుంది, అది చూసుకోకుండా పాస్‌పోర్టు వివరాలు ఎక్కడా ఇవ్వకండి. చివరికి దిగాకే వీసా తీసుకున్నాం. మనిషికి 30 డాలర్లు, ఒక ఫొటో, అంతే. దీనికి తోడు ఈ-అరైవల్ కార్డు అని ఒకటి, ప్రయాణానికి ముందు ఏడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

11వ తేదీ మధ్యాహ్నం 1:40కి బ్యాంకాక్ మీదుగా, అంగ్‌కోర్ వాట్ పక్క ఊరైన సియెమ్ రీప్‌లో దిగాం. వీసా కౌంటర్ దగ్గర 35 నిమిషాలు పట్టింది. పాస్‌పోర్టు ఒక చివర ఇస్తే వరసగా కూర్చున్న అధికారుల చేతులు మారుతూ ఇంకో చివర తేలుతుంది. మన పేరు వాళ్లు పిలిచే తీరు వేరుగా ఉంటుంది కాబట్టి చెవులు రిక్కించి నిలబడాలి. 2023 అక్టోబర్‌లో తెరిచిన ఈ కొత్త విమానాశ్రయం ఊరికి దాదాపు 50 కిలోమీటర్ల దూరం. పాత విమానాశ్రయం గురించి రాసినవి చదివి పది నిమిషాల్లో హోటల్‌కి చేరిపోతామనుకున్నాను. గంట పట్టింది, టాక్సీకి 35 డాలర్లయింది.

ఆ టాక్సీ కౌంటర్ దగ్గరే ఇంకో పాఠం. నేనిచ్చిన 50 డాలర్ల నోటుకి అంచున చిన్న చిరుగు ఉంది, గోరంత కూడా లేదు. ఆ అమ్మాయి నోటుని వెలుతురుకి పెట్టి చూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేసింది. అక్కడ డాలర్లూ నడుస్తాయి, వాళ్ల రియెల్ కూడా నడుస్తుంది. డాలరుకి సుమారు నాలుగు వేల రియెల్. కానీ చిరిగినవి, రాతలున్నవి, మరీ నలిగినవి తీసుకోరు. నా దగ్గరున్న వాటిలో అలాంటివి మూడు తేలాయి. మూడూ అలాగే తిరిగొచ్చాయి.

హోటల్లో సామాను పడేసి 4:50కల్లా అంగ్‌కోర్ టికెట్ ఆఫీసుకి వెళ్లాం. ఇది గుడి దగ్గర ఉండదు, ఊళ్లోనే వేరే చోట ఉంటుంది. టికెట్ లేకుండా నేరుగా గుడికి వెళ్తే వెనక్కి పంపేస్తారు. ఒక రోజు పాస్ 37 డాలర్లు, మూడు రోజులది 62, వారం రోజులది 72. మూడు రోజుల పాస్‌ని పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా వెళ్లక్కర్లేదు. "ఒక్క రోజు చాలదా, ఒక్క గుడే కదా" అంది అమ్మ. ఆవిడ మోకాళ్లు గుర్తొచ్చి మూడు రోజులదే తీసుకున్నాను. ఈ ప్రయాణం మొత్తంలో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదొక్కటే అనిపిస్తుంది.

కౌంటర్‌లో అమ్మాయి గడియారం చూసి, పది నిమిషాలు ఆగమంది. సాయంత్రం 5 దాటాక కొంటే పాస్ మర్నాటి నుంచి లెక్క, ఆ సాయంత్రం కూడా లోపలికి వెళ్లనిస్తారు. అడగకుండా ఆవిడే చెప్పింది. 5 దాటాక అక్కడే కెమెరాలో ఫొటో తీసి పాస్ మీద ముద్రించి ఇచ్చారు. కార్డు తీసుకున్నారు కాబట్టి చిరుగు నోట్ల బాధ లేదు. ఆ పాస్ జాగ్రత్త, ప్రతి గుడి దగ్గరా అడుగుతారు, రోజుకొక రంధ్రం పొడుస్తారు. లోపల టాయిలెట్లకి కూడా అది చూపిస్తే డబ్బు తీసుకోరు.

గుడి మూసే వేళయిపోయిందని ఆ సాయంత్రం టుక్‌టుక్‌లో, అంటే మన ఆటోలాంటి దాంట్లో, గుడి కందకం వెంట మాత్రం తిరిగాం. కందకమంటే ఏదో కాలవలాంటిది అనుకున్నాను. 190 మీటర్ల వెడల్పు, చెరువే అది. అవతలి ఒడ్డున నల్లటి ప్రాకారం, చెట్ల పైనుంచి గోపురాల కొసలు. అమ్మ టుక్‌టుక్ ఆపించి, దిగి, చెప్పులు విప్పి, రోడ్డు పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకుంది.

12వ తేదీ దూరంగా ఉన్న బాంతేయ్ స్రెయ్‌తో మొదలుపెట్టాం. టుక్‌టుక్‌లో గంటన్నర, రోజంతటికీ 30 డాలర్లు మాట్లాడుకున్నాం. దారి పొడుగునా ఎర్రదుమ్ము, మాస్కులు పెట్టుకెళ్లండి. క్రీస్తుశకం 967 నాటి శివాలయం ఇది. అంగ్‌కోర్ వాట్‌తో పోలిస్తే బొమ్మరిల్లంత ఉంటుంది. గులాబీ రంగు ఇసుకరాయి, దాని మీద చెక్కినది రాతి పనిలా ఉండదు, చెక్క మీద ఉలితో చేసినట్టుంటుంది. వాలి సుగ్రీవులు కలబడి కొట్టుకుంటున్న చోట అమ్మ ఆగి "పక్కన బాణం పట్టుకున్నది రాముడేగా" అని తనలో తనే అనుకుంది. కైలాసాన్ని ఊపుతున్న రావణుణ్ణి నాకు చూపించిందీ ఆవిడే. అక్కడ ఎండ తగలకముందే, ఎనిమిదిన్నరకల్లా ఉన్నాం కాబట్టి నింపాదిగా చూశాం. తొమ్మిదిన్నరకి బస్సులు వచ్చి, నిలబడటానికి చోటు లేకుండా పోయింది.

మధ్యాహ్నం తా ప్రోమ్. గోడల మీద కూర్చున్న చెట్లు, కొండచిలువల్లా కిందకి దిగిన వేళ్లు. ఫొటోలకి అక్కడ వరస కట్టారు, మా వంతుకి 20 నిమిషాలు పట్టింది. ఆ గుడి మరమ్మతుల్లో మన పురావస్తు శాఖ వాళ్లు పనిచేశారని అక్కడి బోర్డు చూశాకే తెలిసింది. పడిపోయిన రాళ్లు నంబర్లు వేసి గడ్డిలో వరసగా పెట్టి ఉన్నాయి. సాయంత్రం బాయన్ గుడిలో రాతి ముఖాల మధ్య తిరుగుతుంటే ఒకతను వచ్చి "ఇక్కడ నిలబడండి, ఇలా చూడండి" అంటూ మా ఫోన్‌తోనే చక్కటి ఫొటోలు తీశాడు. గుడి మనిషే అనుకున్నాం. చివర్లో ఐదు డాలర్లు అడిగాడు. రెండు ఇచ్చి వచ్చాం. అలా ఎవరైనా ఫోన్ అందుకోబోతే వద్దని ముందే చెప్పేయండి.

13వ తేదీ అసలు రోజు. సూర్యోదయం కోసం 4:30కి బయల్దేరాం, టుక్‌టుక్ 20 డాలర్లు. పడమటి గుమ్మం 5 గంటలకి తెరుస్తారు. చేతిలో టార్చి ఉండి తీరాలి, దారి రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే పడమర దిక్కున కందకం మీద పెద్ద చంద్రుడు దిగిపోతున్నాడు. "ఎంత బాగున్నాడో" అంది అమ్మ. అప్పుడు కూడా మా ఇద్దరికీ ఏమీ తట్టలేదు.

ఎడమ పక్క కొలను ఒడ్డున అప్పటికే వందల మంది. చల్లగానే ఉంది, పల్చటి శాలువా సరిపోయింది. ముందు వరసలో చోటు దొరకలేదు, దొరికినా నీళ్ల కంటే ఎత్తిన ఫోన్లే ఎక్కువ కనిపిస్తాయి. ఆకాశం ఊదారంగు నుంచి నారింజకి మారడం బాగుంది. గోపురాల వెనక కాస్త కుడిపక్కగా సూర్యుడు పైకి వచ్చేసరికి పావుతక్కువ ఏడయింది. నిజం చెప్పాలంటే, దీనికోసమా ఇంత టెన్షన్ పడి లేచాం అని మనసులో ఒక వెలితి. మేం అసలు వచ్చింది పైకి ఎక్కడానికి కదా.

పైఅంతస్తుని బాకాన్ అంటారు. 7:40కి తెరుస్తారని చదివాను కాబట్టి క్యూలో ముందుండాలని 7:25కే అక్కడికి చేరాం. మెట్ల కింద క్యూ లేదు, అడ్డంగా ఒక తాడు, ఒక బోర్డు. సిబ్బంది ఒకాయన రెండు చేతులూ గుణకారం గుర్తులా పెట్టి చూపించాడు. రేపు రమ్మన్నాడు. ఎందుకని అడిగితే "హోలీ డే" అని ఒకే మాట.

ఒళ్లు చల్లబడిపోయింది. హోటల్ ఏది, టాక్సీ ఎంత అని నెలరోజులు వెతికిన దాన్ని, ఈ ఒక్కటీ చూసుకోలేదు. అమ్మ ఏమీ అనలేదు. పక్కనున్న రాతి గట్టు మీద కూర్చుని మోకాళ్లు రెండూ చేతులతో రుద్దుకుంటూ ఆ మెట్ల వంకే చూసింది. కాసేపయ్యాక "ఇవాళ పుష్య పౌర్ణమి కదే. పొద్దున్న చంద్రుణ్ణి చూశాను కూడా, నాకైనా తట్టలేదు" అంది. అంతే. అక్కడ పౌర్ణమి, అమావాస్య, మధ్యలో రెండు అష్టములు బౌద్ధులకి పవిత్రమైన రోజులు. ఆ రోజుల్లో పైకి సందర్శకులని పంపరు. మన క్యాలెండర్ చూసుకున్నా తెలిసిపోయే సంగతి. మీరు తేదీలు పెట్టుకునేటప్పుడు ముందు తిథి చూసుకోండి.

ఎనిమిదిన్నరకి మేం మాట్లాడుకున్న గైడ్ వచ్చాడు. లైసెన్సు ఉన్న గైడ్, రోజుకి 45 డాలర్లు. ముప్పై ఏళ్లుంటాయేమో. విషయం విని నొచ్చుకున్నాడు. అమ్మని "యాయ్" అని పిలిచాడు, వాళ్ల భాషలో బామ్మ అని. "యాయ్‌కి గోడలు చూపిస్తాను, రండి" అన్నాడు.

గుడి చుట్టూ కింది నడవలో పొడుగునా గోడల మీద చెక్కిన బొమ్మలు ఉన్నాయి. అమ్మ మామూలుగా ప్రదక్షిణ చేసేటట్టు ఎడమ పక్కకి అడుగేసింది. గైడ్ ఆపాడు. ఇక్కడ వరస అపసవ్యం, కుడిపక్కకి తిరిగి గుడిని ఎడమ చేతి వైపు ఉంచుకుని నడిస్తేనే కథ సరిగ్గా నడుస్తుందట. గుడి కూడా పడమటి ముఖంగా ఉంది. అందుకే కొందరు పండితులు ఇది 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ తన అంత్యక్రియల కోసం కూడా ఉద్దేశించి కట్టించుకున్నదని అంటారని చెప్పాడు. అమ్మ ఒక క్షణం తటపటాయించి "సరే, వాళ్ల పద్ధతి" అని కుడిపక్కకే నడిచింది.

మొదటి గోడ కురుక్షేత్రం. గైడ్ నోరు తెరిచేలోపే అమ్మ వేలెత్తి చూపించింది, అంపశయ్య మీద భీష్ముడు. బాణాల మీద పడుకున్న ఒళ్లు, చుట్టూ నిలబడ్డ వాళ్లు. మనిషి ఎత్తు వరకు ఆ రాయి ఎన్నో ఏళ్ల చేతి స్పర్శకి నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఇప్పుడు ముట్టుకోనివ్వరు, తాడు కట్టారు. కాస్త ముందుకి అర్జునుడి రథం, పగ్గాలు పట్టిన కృష్ణుడికి నాలుగు చేతులు. గైడ్ ఇంగ్లిష్‌లో చెప్తుంటే నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను, అమ్మ "నువ్వాగు, నాకు తెలుసు" అంది. అక్కడి నుంచి అమ్మ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లిష్‌లో గైడ్‌కి చెప్పడం. అతను చిన్న పుస్తకం తీసి రాసుకోవడం చూశాను.

తూర్పు నడవలో క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల గోడ. ఒక పక్క 88 మంది దేవతలు, ఇంకో పక్క 92 మంది అసురులు అని గైడ్ లెక్క చెప్పాడు. మధ్యలో విష్ణువు, కింద తాబేలు. నీళ్లలో చేపలు, మొసళ్లు మందర పర్వతం దగ్గరకి వచ్చేసరికి రెండు ముక్కలై తేలుతున్నాయి, ఆ వేగానికి తెగిపోయినట్టు. దగ్గరకి వెళ్లి చూస్తే కానీ కనపడదు. దేవతల వైపు చివర వాసుకి తోక పట్టుకుని ఒక పెద్ద కోతి ఉంది. హనుమంతుడు అన్నాడు గైడ్. "పాలసముద్రం చిలికినప్పుడు హనుమంతుడు ఎక్కడున్నాడు నాయనా?" అని అమ్మ. "మా కథలో ఉన్నాడు, యాయ్" అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు. పొద్దున్న మెట్ల దగ్గర నా గుండెలో పడ్డ రాయి అప్పటికి కొంచెం కదిలింది.

తిరిగొస్తూ పడమటి గోపురంలో దక్షిణం వైపు గదిలో ఆగాం. ఎనిమిది చేతుల విష్ణువు, నిలువెత్తు కంటే చాలా పెద్ద విగ్రహం. అక్కడి వాళ్లు తా రీచ్ అంటారు. పసుపు పట్టు కప్పి, గొడుగులు పెట్టి, అగరొత్తులు వెలిగించి ఇప్పటికీ మొక్కుతున్నారు. అక్కడి ఖ్మేర్ జాతి ఆవిడ ఒకరు చంటిపిల్లని ఎత్తుకుని పక్కకి జరిగి అమ్మకి చోటిచ్చింది. ఇక్కడిది చాలా మంది చూడకుండా నేరుగా లోపలికి వెళ్లిపోతారు. సూర్యోదయం కంటే దీనికే ఎక్కువ సమయం పెట్టుకోండి.

14వ తేదీ ఎక్కడికీ వెళ్లలేదు. పాస్ మూడు రోజులదైనా పది రోజుల్లో వాడుకోవచ్చు కాబట్టి ఆ రోజు పోయిందన్న బాధ లేదు. వేడినీళ్ల కాపడం, మోకాలి పట్టీలు, నిద్ర. ఖర్చు లెక్క రాసుకున్నాను. వీసాలు 60, పాసులు 124, విమానాశ్రయం టాక్సీ రానూపోనూ 70, టుక్‌టుక్‌లు మర్నాటిది కూడా కలిపి 65, గైడ్‌కి 45. ఇద్దరికీ కలిపి 364 డాలర్లు, విమానం, గది, తిండి కాక. ఒకరోజు పాస్ తీసుకుని ఉంటే 50 డాలర్లు మిగిలేవి, పైకి మాత్రం వెళ్లేవాళ్లం కాదు. వెళ్లాలంటే ఇంకో 74 పెట్టి మళ్లీ రెండు పాసులు కొనాలి.

15న 7:10కే బాకాన్ మెట్ల కింద ఉన్నాం. మాకు ముందు పదకొండు మంది. ఒకసారికి వంద మందినే పైకి పంపుతారు, మెడలో వేసుకోవడానికి ట్యాగ్ ఇస్తారు, దిగాక తిరిగి ఇచ్చేయాలి. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. మా వెనక ఒక అమ్మాయి చేతుల్లేని చొక్కా మీద స్కార్ఫ్ కప్పుకుంది, అది చాలదని పంపేశారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి అనుమతి లేదు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఎక్కవద్దని బోర్డు మీద ఉంది. మోకాళ్ల మాట లేదు, అమ్మ అది రెండుసార్లు చదివించుకుంది.

పాత రాతి మెట్ల మీద చెక్క మెట్లు వేసి కమ్మీలు పెట్టారు, అయినా మేడ మీదకి నిచ్చెన వేసినట్టే ఉంది. అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఆగి, మళ్లీ ఇంకో మెట్టు. నేను ఒక మెట్టు కింద. వెనక వాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు. సగంలో ఆగినప్పుడు ఆవిడ చీలమండలు వణకడం నా కళ్లెదుటే కనిపించింది. "దిగిపోదామా అమ్మా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆరు నిమిషాలు పట్టింది.

పైన నిశ్శబ్దంగా ఉంది. నాలుగు పక్కలా నడవలు, మధ్యలో పెద్ద గోపురం. ఒకప్పుడు విష్ణువు ఉన్న చోటుకి ఇప్పుడు నాలుగు దిక్కులా బుద్ధుడు నిలబడి ఉన్నాడు. అమ్మ నిరాశపడుతుందేమో అనుకున్నాను. నాలుగు దిక్కులకీ తిరిగి నాలుగుసార్లు దణ్ణం పెట్టుకుంది. తర్వాత పడమటి కిటికీ దగ్గర రాతి కమ్ముల మధ్య నుంచి కిందకి చూస్తూ నిలబడింది. మేం చీకట్లో నడిచిన దారి, కొలను, కందకం అన్నీ అక్కడి నుంచి ఒకే గీతలో కనిపిస్తున్నాయి.

దిగడమే ఎక్కువ కష్టం. సిబ్బందిలో ఒకావిడ వచ్చి, ముఖం మెట్ల వైపు పెట్టి వెనక్కి దిగమని చేసి చూపించింది. అమ్మ అలాగే దిగింది. చివరి మెట్టు దాటాక మెడలో ట్యాగ్ తీసి ఆవిడ చేతిలో పెట్టి, వంగి ఆ కింది మెట్టుని తాకి చెయ్యి కళ్లకద్దుకుంది. ఆ సిబ్బంది ఆవిడ కూడా చేతులు జోడించింది. "నీళ్ల సీసా ఎక్కడ పెట్టావే" అని నన్నడిగి, ఆ గట్టు మీదే కూర్చుని సగం సీసా తాగింది అమ్మ.